గొంగడి కింద విశ్వకిరణాలు

1949 చలికాలంలో హైదరాబాదులోని ఒక కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో నేను పరిశోధక సహాయకుణ్ణి. హోదాల వరుస చెప్పాలంటే, అందరికంటే పైన ఆచార్యులు, వారి కింద రీడరు, ఆయన కింద లెక్చరర్లు, వాళ్ల కింద డిమాన్‌స్ట్రేటర్లు, వాళ్ల కింద నేను, నా కింద కుర్చీ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి కావడం వల్ల విభాగంలో స్థిరమైన అభిప్రాయాలు లేనివాడిగా నాకు పేరొచ్చింది.

నాది సిద్ధాంత పక్షం. పరికరాలు ముట్టుకోకుండా, పదార్థంలో అన్నిటికంటే చిన్న కణాలు ఎందుకలా ప్రవర్తిస్తాయో కాగితం మీద లెక్కగట్టే పని. మా మానుకోటలో, అంటే రైలు పట్టికలో మహబూబాబాదు అని రాసి ఉండే ఊళ్లో, సిద్ధాంతి అంటే పంచాంగం చూసేవాడు. సెలవులకు ఇంటికి వెళ్తే ఇరుగుపొరుగు నా ముందు అరచేతులు చాపేవారు. మొదట్లో వివరించి చెప్పేవాణ్ణి. తర్వాత చేయి చూసి "మంచిగనే ఉన్నది" అనడం అలవాటు చేసుకున్నాను. జోస్యాలు ఫలించని విషయంలో రెండు వృత్తులకూ పెద్ద తేడా లేదు కనుక ఎవరూ మోసపోలేదు.

అప్పటి మా తలనొప్పి ఏమిటో ముందే చెప్పడం మంచిది. పరమాణు కేంద్రకం విడిపోకుండా పట్టి ఉంచడానికి ఎలక్ట్రానుకూ ప్రోటానుకూ నడిమి బరువున్న కణం ఒకటి ఉండాలని సిద్ధాంతులు ముందుగా ఊహించారు. వెతికితే అటువంటి బరువున్న కణమే ఆకాశం నుంచి రాలుతూ దొరికింది. తీరా చూస్తే దానికి కేంద్రకమంటే ఏ ఆసక్తీ లేదు. పెళ్లికొడుకు దిగాడని మేళం పెట్టించాక, ఆయన వేరే ఊరికి పోతూ దాహానికి ఆగిన బాటసారి అని తేలినట్టయింది. అసలు పెళ్లికొడుకు, పై మెసాన్, తర్వాత వచ్చాడు. మరి ఈ బాటసారి, మ్యూ, ఎవరు? సృష్టిలో అతనికి పనేమిటి? అతను లేకపోతే ఏం తక్కువయ్యేది? ఈ ప్రశ్నలు నా కుర్చీలాగే ఒకవైపు ఒరిగి ఉండేవి.

జవాబు కోసం ఆచార్యులు బెలూన్లు ఎగరేసేవారు. పద్ధతి ఇది. ప్రత్యేకమైన మందు దళసరిగా పూసిన గాజు పలకలను నల్ల కాగితంలో చుట్టి, తేలికైన పెట్టెలో బిగించి, లక్క ముద్ర వేసి, తెల్ల రబ్బరు బెలూన్ల గుత్తికి వేలాడదీస్తారు. గాలి పలచబడేంత ఎత్తున విశ్వకిరణాలు, అంటే ఆకాశం నుంచి రాలే ఆ కణాలు, మందులోంచి దూసుకుపోతూ గీతలు వదులుతాయి. ఒక బెలూను పగిలాక మిగిలినవి పెట్టెను నెమ్మదిగా దింపుతాయి. పలకలను చీకటి గదిలో కడిగి, సూక్ష్మదర్శిని కింద ఆ గీతలు చదవాలి. కడగక ముందు ఒక్క వెలుగు రేఖ పడ్డా అంతా నలుపే. చలికాలపు పైగాలి తూర్పుకు వీస్తుంది కనుక మా పెట్టెలు జనగామ మీదుగా పోయేవి. ఒకటి భూపాలపల్లి అడవుల్లో పడి మరి దొరకలేదు. చదివేవాడెవడూ లేకుండా అది ఇంకా గీతలు రాసుకుంటూనే ఉందని అప్పుడప్పుడు కలగనేవాణ్ణి.

రెండో పెట్టె పాలకుర్తి వైపు దిగిందని, బెలూన్లను దూరం నుంచి గమనించే దుర్భిణి, థియోడలైటు, లెక్క చెప్పింది. వెతకడానికి ఆచార్యులు నన్ను పంపించారు. నీది ఆ ప్రాంతమే కదా అన్నారు. మానుకోటకూ పాలకుర్తికీ మధ్య చాలా దూరం ఉంది గాని, వారి బల్ల మీది పటంలో రెండూ ఒకే బొటనవేలి కింద పట్టాయి.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. నిజాం రాజ్యం పోయింది, పోరాటం పోలేదు. సంఘపోళ్లు, అంటే కమ్యూనిస్టులు, అడవి పట్టారు. ఊళ్లలో పోలీసు క్యాంపులు వెలిశాయి. జనగామలో రైలు దిగి, అనుమతి చీటీ తీసుకుని, కచ్చరంలో బయలుదేరాను. కచ్చరమంటే పైకప్పున్న ఎద్దుబండి. పొద్దుటి మంచులో దారి కనిపించేది కాదు. ఎద్దుల కొమ్ములు మాత్రం మంచులో తేలుతూ ముందుకు పోయేవి. నేను బండిలో ఉన్నానో బెలూన్‌లో ఉన్నానో కొంతసేపు తెలియలేదు. "నిద్రపోతున్నవా సారూ?" అని బండివాడు అడిగాడు. ఆలోచిస్తున్నానన్నాను. "పోనీ, గురకపెట్టకుంట ఆలోచించు, ఎద్లు బెదురుతున్నయి" అన్నాడు.

క్యాంపు ఒక దొర వదిలిపోయిన గడీలో, కోటలాంటి ఇంట్లో, ఉంది. అక్కడి సబిన్‌స్పెక్టరు సర్కారు జిల్లాల నుంచి వచ్చినవారు, నడివయసు మనిషి, నిద్ర చాలని కళ్లు. నేను చెప్పింది విని లోపలి నుంచి ఒక మూట తెప్పించారు. అందులో మా బెలూన్ల రబ్బరు, పెట్టెను వేలాడదీసిన లోహపు చట్రం, కొంత తీగ ఉన్నాయి. సోమయ్య అనే గొర్లకాపరి తన గొర్రెల దొడ్డి మీద ఆ రబ్బరు కప్పుకున్నాడట. తీగ చూసి సంఘపోళ్ల వైర్‌లెస్సు అనుకుని అతణ్ణి పట్టుకొచ్చారు. దీనికి తగిలించిన పెట్టె ఏదని అడిగితే నోరు విప్పడం లేదట.

"ఏమీ లేకపోతే చెప్పడానికేవిటండీ కష్టం?" అన్నారాయన. "రేపు పొద్దున్నే లారీ వరంగల్లు పోతోంది. వీణ్ణీ ఎక్కిస్తున్నాను."

లారీ ఎక్కించడమంటే ఏమిటో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. వరంగల్లు జైలుకు పోవడానికి ఒక లారీ చాలు. తిరిగి రావడానికి ఎన్ని కాగితాలు కదలాలో పోయినవాళ్లకూ తెలియదు, పంపినవాళ్లకూ తెలియదు.

అది మా పెట్టేనని ఆచార్యుల ఉత్తరం చూపించాను. ఆయన శ్రద్ధగా చదివారు. "మీరు మీరేనండీ, అందులో నాకు అనుమానం లేదు. పెట్టె పెట్టేనా అన్నదే నా ప్రశ్న. అది ఇన్నాళ్లూ ఎవరి చేతుల్లో ఉందో! తీసుకురండి, తెరిచి చూస్తాను. లోపల మీరు చెప్పినవే ఉంటే వీడు ఇంటికి పోతాడు."

తెరిస్తే లోపలున్నది పోతుందని చెప్పాను. తెరవకపోతే మనిషి పోతాడని ఆయన చెప్పారు. ఇద్దరమూ నిజమే చెప్పాం.

ఊరు క్యాంపుకు దగ్గరే. సోమయ్య భార్య రాజవ్వ దొడ్డి ముందు గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. నన్ను తేరిపార చూసి, "పెట్టె సారువు నువ్వేనా?" అంది. అవునన్నాను. పెట్టె గురించి అడగబోతే, "పెట్టె సంగతి మాకెర్కలేదు. మా మనిషి సంగతి చెప్పు" అంది.

సబిన్‌స్పెక్టరు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టె ఇస్తే తప్పకుండా విడుస్తారని మాట మాత్రం ఇవ్వలేకపోయాను. ఆమె గొర్రెపిల్ల చెవి నిమిరింది.

"అండ్ల ఏమున్నది తమ్మీ?"

"గాజు పలకలక్కా."

"గాజు కోసం హైద్రాబాదు నుంచి వచ్చినవా? జనగామల దొరుకదా?"

ఆకాశం నుంచి కంటికి కనపడని నలుసులు రాలుతుంటాయని, ఆ గాజు మీద గీతలు గీస్తాయని చెప్పాను. ఆమె తల పైకెత్తి చూసింది. మంచు విచ్చి, ఎండ తెల్లగా పరుచుకుంటోంది.

"గిప్పుడు గూడ పడుతున్నయా?"

"ఎప్పుడూ పడుతుంటయి."

"మా మీదనేనా, దొర మీద గూడనా?"

"దొర మీద గూడ."

"పోలీసోల్ల మీద?"

"అందరి మీద అక్కా."

"మరేం సచ్చినయి అవి! ఒక్కటన్న గట్టిగ తాకకపాయె." చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఆ గీతలు చూసి ఏం చెప్తవు?"

ఎన్ని రకాల నలుసులున్నాయో, ఎందుకున్నాయో చెప్పాలని చూస్తున్నామన్నాను.

"ఎందుకున్నయో తెలిసిందా?"

"ఇంక తెల్వలే."

"ఎన్నడు తెలుస్తది?"

"అది గూడ తెల్వదు."

"అయితె నీకు జీతం దేనికిస్తున్నరు తమ్మీ?"

తర్వాతి కాలంలో నిధులు మంజూరు చేసే సంఘాల ముందు ఎన్నోసార్లు కూర్చున్నాను. అన్ని చోట్లా ఇదే ప్రశ్న అడిగారు. తమ్మీ అని మాత్రం ఎవరూ అనలేదు.

చివరికి ఆమె లేచింది. "జర అటు మళ్లి కూసో" అంది. చేల వైపు తిరిగి కూర్చున్నాను. వెనక పార చప్పుడయింది, గడ్డి తీసిన చప్పుడయింది. ఎవరో దగ్గారు. నేను తిరగలేదు. ఎదురుగా కోసిన జొన్న చేను, దాని మీద గొర్రెలు, గొర్రెల మీద ఎండ. కనపడని ఆ వాన అన్నిటిలోంచీ దిగిపోతోంది. అరచేయి చాపితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఇంచుమించు ఒక మ్యూ దాన్ని దాటి నేలలోకి పోతుంది. గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. ఏ పనీ లేని బాటసారులు, దారిలో ఎవరినీ పలకరించకుండా, ఎక్కడికి పోతున్నట్టు? అలా ఎంతసేపు చూశానో తెలియదు. భుజం మీద చేయి పడేసరికి పెట్టె నా పక్కన ఉంది. జొన్నల వాసన వేస్తోంది.

నాకప్పుడు అర్థమైంది. ఆ వైపు ఊళ్లలో గింజలు పాతరలో దాస్తారు. ఇంటి ఆవరణలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజ పోసి, పైన మన్ను కప్పి అలికేస్తారు. తెలియనివాడు దాని మీద నిలబడి కూడా కనుక్కోలేడు. సర్కారు లెవీ పేరుతో గింజలు బలవంతంగా వసూలు చేసిన కాలంలో, దొర మనుషులు ఇల్లిల్లూ వెతికిన కాలంలో, ఊరు బతికింది పాతర వల్లే. కనపడితే పోయేదేదైనా పాతరకే చేరేది. సోమయ్య ఆ అలవాటునే పాటించాడు. రబ్బరు గుడ్డతో ఎవరికేం పని అనుకుని దొడ్డి మీద కప్పాడు. ముద్ర, రాతలు ఉన్న పెట్టెను పాతరలో పెట్టాడు. పెట్టె ఎక్కడుందో చెబితే పాతర చెప్పినట్టే. అందులో ఆ వాడకట్టులోని ఇళ్లన్నిటి తిండిగింజలూ ఉన్నాయి. అందుకే అతను నోరు విప్పలేదు.

మా పలకలకు మాత్రం అది మేలే చేసింది. వేడి తగిలితే గీతలు మాసిపోతాయి. పాతర చల్లగా, పొడిగా ఉంటుంది. పైనున్న మన్ను కిరణాల్లో మెత్తని భాగాన్ని కొంత ఆపుతుంది. మ్యూలకు ఆ మన్ను ఒక లెక్క కాదు. తర్వాత కొన్నేళ్లకు మా శాస్త్రమే పాతర పట్టింది. మరీ అరుదైన కణాలను పట్టుకోవాలంటే ఈ వాన చప్పుడు తగ్గాలి కనుక, లోతైన గనుల్లో పరికరాలు పెట్టసాగారు. మా పెట్టె పోయిన భూపాలపల్లి అడవుల దగ్గరే బొగ్గు గనులు తెరిచాక నేనూ ఒకసారి ఆశగా దిగి చూసి వచ్చాను. మా పనికి ఆ లోతు చాలలేదు.

పెట్టె పట్టుకుని గడీకి వచ్చాం. రాజవ్వ వచ్చింది, ఆమె వెంట నలుగురైదుగురు కాపర్లు భుజాన గొంగళ్లతో వచ్చారు. సోమయ్యను అరుగు మీద కూర్చోబెట్టారు. పల్చటి మనిషి. పెట్టెను చూసి భార్య వైపు చూశాడు. ఆ చూపులో సంతోషం లేదు.

పడ్డప్పుడు లక్క ముద్ర పగిలింది. అది చూసి సబిన్‌స్పెక్టరు ముఖం బిగిసింది. "మూత తీయండి" అన్నారు. నల్లని ముతక ఉన్ని గొంగళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. మానుకోటలో పెళ్లి ఫోటోలు తీసేవాడు పట్టపగలు నల్ల సంచిలో చేతులు పెట్టి పలకలు మార్చడం చిన్నప్పుడు చూశాను. "వెలుగులో చూపులు కుదరవు, గొంగళ్ల కింద తడిమి చూస్తారా?" అని అడిగాను. ఆయన నన్నూ గొంగళ్లనూ మార్చి మార్చి చూశారు.

"నా సర్వీసంతా గొంగడి కింద చెయ్యి పెట్టినవాడు తుపాకీ తీస్తాడేమోనని కాపలా కాశానండీ. ఇప్పుడు నన్నే పెట్టమంటారా?"

"తుపాకీ ఉంటే ముందు మీకే దొరుకుతుంది కదండీ" అన్నాను. అది ఆయనకు నచ్చింది.

నులక మంచం మీద దుప్పట్లు పరిచి పెట్టె ఉంచాం. పైన గొంగళ్లన్నీ ఒకదాని మీద ఒకటి కప్పి అంచులు బరువుగా దోపాం. ఆయన ఒకవైపు నుంచి, నేను ఇంకోవైపు నుంచి చేతులు దూర్చాం. సందుల్లోంచి వెలుగు చొరబడకుండా కాపర్లు తమ రుమాళ్లతో మా చేతుల చుట్టూ ఉన్నిని బిగించి కట్టారు. అడ్డుతెరకు అటూ ఇటూ కూర్చున్న వధూవరుల్లా ఎదురెదురుగా కూర్చున్నాం. "జీలకర్ర బెల్లం తెమ్మంటవా?" అని ఒక కాపరి గొణిగాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

మూత తీసి ఒక పలక మీది కాగితం విప్పాను. పరికరాలు ముట్టుకోని వాడినని ముందే చెప్పాను. కాగితం మడత ఎటు తిరిగిందో నా వేళ్లకు అంతుబట్టలేదు. ఆయన వేళ్లు వచ్చి నా వేళ్లను తాకాయి, దాటి పలకను తాకాయి.

"నున్నగా ఉందేవిటి?"

"గాజు."

"ఇటు గరుకుగా ఉంది."

"మందు పూసిన వైపు. అంచులే పట్టుకోండి దయచేసి." అప్పటికే ఆయన బొటనవేలు నడిమధ్య దిగింది.

ఒక్కొక్క పలకా నేను విప్పి ఇస్తే తడిమారు, తడిమినదాన్ని మళ్లీ కాగితంలో చుట్టాను.  ఎండ వెచ్చగా ఉంది, ఉన్ని వాసన మత్తుగా ఉంది. ఆయన కళ్లు మూసుకున్నారు. చూడటానికేమీ లేదు గనుక నేనూ మూసుకున్నాను. పైన ఆకాశం, కింద రెండు జతల చేతులు, మధ్యలో చీకటి. ఆ చీకట్లోంచి కూడా వాన దిగుతూనే ఉంది. "ఇప్పుడూ పడుతున్నాయా అవి?" అని మెల్లగా అడిగారు. "మీ చేతుల్లోంచే" అన్నాను. "నాకేమీ తెలియట్లేదండీ." "నాకూ తెలియదండీ." ఒక పోలీసు అధికారీ ఒక సిద్ధాంతీ అంత సులభంగా ఏకాభిప్రాయానికి రావడం నేను మళ్లీ చూడలేదు.

ఉన్నట్టుండి ఆయన వేళ్లు పెట్టె మూలలో ఆగాయి. కళ్లు తెరిచారు.

"ఇవేవిటి, గుండ్రంగా? చిన్నచిన్నవి."

నా వేళ్లకూ తగిలాయి. జొన్నగింజలు. ముద్ర పగిలి వదులైన మూత సందులోంచి, పాతరలో ఉండగా లోపలికి జారాయి. సోమయ్య తల వంచుకున్నాడు.

"జొన్నలు" అన్నాను. 

"ఆకాశం నుంచి జొన్నలు కూడా పడతాయా?"

 వెనక నుంచి రాజవ్వ అంది: "మేమే పోసినం సారూ. ఎక్కడిదో ఏమో, మీదికెల్లి పడ్డ పెట్టె. దిష్టి తాకద్దని పిడికెడు జొన్నలు తిప్పి పోసినం. మీ దిక్కు పొయ్యరా?"

ఆయన ఆమెను చూశారు. సోమయ్యను చూశారు. గడీ గోడ అవతల ఊరి వైపు చూశారు. లెవీ గింజ ఎక్కడుందని ఆ ఊళ్లో ఎంతమందిని అడిగి ఉంటారో ఆయనకే తెలియాలి. జొన్నలు ఎక్కడివో ఆయనకు ఆ క్షణంలో అర్థమైందని నేను నమ్ముతాను. ఎందుకంటే గొంగడి కింద ఆయన చేయి నా మణికట్టును ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

"మా వైపూ పోస్తారమ్మా" అన్నారు. "మూత పెట్టెయ్యండి మేష్టారూ. తుపాకీ లేదు, మందుగుండు లేదు, వైర్‌లెస్సు లేదు. నాకు కావాల్సింది అంతే."

సోమయ్య పేరు లారీలో పోయేవాళ్లలోంచి తీసేశారు. అతను అరుగు దిగి, మంచం మీది గొంగళ్లలో తనవాళ్లది ఒకటి వెతికి భుజాన వేసుకున్నాడు. నా దగ్గరికొచ్చి, "అన్నా, మల్ల ఎగరేస్తే జర వేరే దిక్కు ఎగరెయ్యి" అన్నాడు. గాలి చేతిలో ఉందన్నాను. "గాలికి గూడ చెప్పు" అన్నాడు.

హైదరాబాదులో పలకలు కడిగాం. రెండు నల్లబడ్డాయి, మిగిలినవి దక్కాయి. ఒకదాని నడుమ స్పష్టంగా ఒక బొటనవేలి ముద్ర ఉంది. ఎవరిదని ఆచార్యులు కోపంగా అడిగారు. పోలీసులదన్నాను. మామూలుగా వాళ్లు తీసుకుంటారు గదా అన్నారు. ఈసారి ఇచ్చారన్నాను. ఆ ముద్ర వంకల మధ్య ఒక పై మెసాన్ వచ్చి ఆగి, మ్యూగా మారి పోయిన గీత కూడా ఉంది. కొత్త కణమేదీ దొరకలేదు.

తర్వాత నలభై ఏళ్లు పనిచేశాను. ఆ బాటసారి ఒంటరివాడు కాదని, ఎలక్ట్రానుకు బరువైన అన్న లాంటివాడని, వాళ్లిద్దరి కంటే బరువైన పెద్దన్న ఇంకొకడున్నాడని తెలిసింది. ముగ్గురే ఎందుకు, వాళ్ల బరువులు అలాగే ఎందుకున్నాయి, విశ్వంలో వెలుగివ్వని పదార్థం దేనితో చేసింది, ఇవి నేను పదవీ విరమణ చేసిన రోజున కూడా నా బల్ల మీదే ఉన్నాయి. నా తర్వాత వచ్చినవారికి అప్పగించి వచ్చాను. మా పనిలో మూలన తగిలిన గింజను వదలకూడదు. మ్యూ అలా తగిలిందే. ఎవరూ అడగకపోయినా దాన్ని వెంటాడాలి.

ఆ మధ్యాహ్నం సబిన్‌స్పెక్టరు మాత్రం గింజను చేత్తో పట్టుకుని వదిలేశారు. దాన్నిబట్టి నాకు తెలిసింది ఇది: జవాబు దొరకని ప్రశ్నలు రెండు రకాలు. ఎవరికీ తెలియక మిగిలినవి మొదటి రకం. జీవితమంతా వాటి మీదే జీతం తీసుకున్నాను. తెలిసినవాడు అడగకుండా వదిలినవి రెండో రకం. వాటి మీద ఒక ఊరు అన్నం తింటుంది. వాటి మీద పరిశోధన చేయకూడదు.